వడ్డీ వ్యాపారి అనుకుని దాక్కున్నారు: ఫిలిప్పీన్స్‌లో నా మిషన్ అనుభవం

మా చర్చి వార్డులో, అంటే మా ఏరియా సభ్యుల గుంపులో, ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు మిషన్ పేపర్లు నింపుతున్నారు. వారం వారం ఫోన్ చేసి అవే ప్రశ్నలు. వీసాకి ఎన్నాళ్లు పట్టింది, ఎంత ఖర్చయింది, తిండి ఎలా ఉంటుంది, జనం నిజంగా వింటారా? ఒకేసారి రాసి పెడితే పోతుందని కూర్చున్నాను. బయటివాళ్లు మమ్మల్ని మోర్మన్లు అంటారు. మా సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. అబ్బాయిలు పద్దెనిమిదేళ్లు నిండాక రెండేళ్లు మిషన్‌కి, అంటే మత బోధన సేవకి, వెళ్తారు. ఎక్కడికన్నది మన చేతిలో ఉండదు.

2022 ఆగస్టులో పేపర్లు మొదలుపెట్టాను. అప్పటికి డిగ్రీ రెండో ఏడాది అయిపోయింది. వార్డు పెద్ద అయిన బిషప్ ఇంటర్వ్యూ, ఆ తర్వాత కొన్ని వార్డులకి కలిపి పెద్ద అయిన స్టేక్ ప్రెసిడెంట్ ఇంటర్వ్యూ. ఈ రెండింటికీ నేను పడినంత టెన్షన్ అక్కర్లేదు. అసలు తిప్పలన్నీ డాక్టర్ల దగ్గరే. పళ్ల డాక్టర్ ఎక్స్‌రే తీసి, జ్ఞానదంతాలు రెండు అడ్డంగా పెరుగుతున్నాయి, అవి తీయించుకుంటేనే ఫారం మీద సంతకం పెడతానన్నాడు. తొమ్మిది వేలు అక్కడే పోయాయి. కొన్నాళ్లు మజ్జిగన్నమే గతి. టీకాలు, రక్త పరీక్షలు, టీబీ పరీక్ష, పాస్‌పోర్టుకి 1500, పోలీస్ క్లియరెన్స్‌కి 500. తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు కోఠీలో చవగ్గా దొరికాయి. బూట్ల దగ్గర మాత్రం నాన్న బేరమాడలేదు. మొత్తం ఖర్చులో బాగా పనికొచ్చింది అదే.

నెలనెలా కట్టే డబ్బు గురించి అందరూ అడుగుతారు. అమెరికా కుర్రాళ్లు 2020 నుంచి నెలకి 400 డాలర్లు కడుతున్నారు. మన దగ్గర అంత ఉండదు. ఇంట్లోవాళ్లు ఎంత పెట్టగలరో బిషప్‌తో కూర్చుని మాట్లాడుకుంటారు, మిగతాది సంఘం చూసుకుంటుంది. దీని గురించి మా నానమ్మకి మాత్రం ఇప్పటికీ కోపం తగ్గలేదు. నాన్న వాళ్లది పశ్చిమ గోదావరిలో లూథరన్ కుటుంబం. నాన్న హైదరాబాద్ వచ్చాక ఈ సంఘంలో చేరారు. "చదువు మానిపించి, జీతం లేని పనికి, పైగా ఎదురు డబ్బు కట్టి పంపుతున్నావా?" అని నాన్నని ఫోన్లో కడిగేసింది. నాన్న దగ్గర సమాధానం లేదు.

ఎక్కడికి పంపుతున్నారో చెప్పే ఈమెయిల్ సెప్టెంబర్ మూడో వారంలో వచ్చింది. హాల్లో అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను. బెంగళూరు మిషన్ వస్తుందని, దగ్గర్లోనే ఉంటానని అమ్మ ఆశ. ఫిలిప్పీన్స్, తగలోగ్ భాష అని ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే అమ్మ అడిగిన మొదటి మాట, "అక్కడ తుఫాన్లు ఎక్కువ కదరా?"

నవంబర్‌లో మిషన్ మొదలైంది. మొదటి వారం శిక్షణ ఇంట్లో నుంచే ఆన్‌లైన్‌లో. మెడకి టై, కింద లుంగీ. వీసా మాత్రం రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెల దాటింది. ఇలా ఆగిపోయినవాళ్లని ఖాళీగా కూర్చోబెట్టరు, తాత్కాలికంగా దగ్గర్లో ఎక్కడో ఒకచోట వేస్తారు. నన్ను విశాఖ పంపారు. అక్కడ మేం ఇల్లిల్లూ తిరగలేదు. సంఘ సభ్యులు పరిచయం చేసినవాళ్లతోనే మాట్లాడేవాళ్లం. అంతా తెలుగులోనే కాబట్టి హాయిగా గడిచింది. కానీ నా పెట్టెలో తగలోగ్ పుస్తకం, చుట్టూ ఉత్తరాంధ్ర యాస. దేనిమీదా మనసు నిలిచేది కాదు. వీసా కోసం ఆగాల్సి వస్తే ఆ నెలలో భాష బాగా చదువుకోండి, తర్వాత అంత తీరిక దొరకదు.

2023 జనవరి మొదటి వారంలో సింగపూర్ మీదుగా మనీలా చేరాను. శిక్షణ కేంద్రం క్వెజోన్ సిటీలో, మనీలా టెంపుల్‌కి దగ్గర్లోనే ఉంటుంది. పొద్దున ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి లైట్లార్పాలి. మధ్యలో అంతా భాష, బోధన, మళ్లీ భాష. ఛాతీ మీద నల్ల బ్యాడ్జి, దాని మీద 'ఎల్డర్' (మిషన్‌లో అబ్బాయిలని పిలిచే పేరు) తర్వాత మన ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే అలాగే వస్తుంది. మాది నాలుగక్షరాలది. రెండేళ్లలో అక్కడ దాన్ని సరిగ్గా పలికినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ జనవరిలో ఫిలిప్పీన్స్ అంతటా ఒకటే గోల, ఉల్లిపాయలు కిలో 600 పెసోలు దాటాయని. అంటే మన డబ్బుల్లో దాదాపు 900 రూపాయలు. ఉల్లిపాయ లేనిదే కూర దిగని ఇంట్లోంచి వచ్చినవాడికి ఇది చావు కబురే.

ఫిబ్రవరి మధ్యలో నన్ను లగునాలోని సాన్ పాబ్లోకి పంపారు. ఏడు సరస్సుల ఊరు, ఎటు చూసినా కొబ్బరి చెట్లు. మిషన్‌లో ఎప్పుడూ జతగా ఉండేవాణ్ని కంపానియన్ అంటారు. మొదటి పన్నెండు వారాలు మనకి పని నేర్పే కంపానియన్ ఉంటాడు. నాకు నేర్పినతను బోహోల్ దీవి కుర్రాడు. అతని మాతృభాష సెబువానో, అంటే తగలోగ్ అతనికీ నేర్చుకున్న భాషే. అందుకే నా తప్పులకి నవ్వేవాడు కాదు.

అక్కడ గేటు బయట నిలబడి "తావో పో!" అని కేకేయాలి. లోపలివాళ్లు తొంగిచూస్తారు. నాతో వెళ్లిన ప్రతిసారీ లోపల టీవీ శబ్దం ఠక్కున ఆగిపోయేది. అడుగుల చప్పుడు వినిపించేది గానీ మనిషి కనపడేది కాదు. ఒకచోట చిన్నపిల్ల కిటికీలోంచి, "అమ్మ ఇంట్లో లేదని అమ్మ చెప్పమంది" అంది. మా కంపానియన్ నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అక్కడ భారతీయుడు కనిపిస్తే 'బుంబాయ్' అంటారు. పంజాబీలు మోటార్ సైకిళ్ల మీద ఊరూరా తిరిగి చిన్న వ్యాపారులకి అప్పులిస్తారు. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, అందుకే ఆ వ్యాపారానికి ఫైవ్-సిక్స్ అని పేరు. రోజూ వసూలుకి వస్తారు. అల్లరి చేసే పిల్లల్ని బుంబాయ్ ఎత్తుకుపోతాడని భయపెడతారట. ఇక నన్ను చూస్తే తలుపు ఎలా తీస్తారు?

ఒక సారీ-సారీ కొట్టు (వీధిలో చిన్న చిల్లర కొట్టు) ఆవిడ అయితే నేను నోరు తెరవకముందే, శనివారం కట్టేస్తాను, ఈ ఒక్కసారికి వదిలెయ్ అని బతిమాలింది. చేతిలో ఉన్న మా లేఖనం, మోర్మన్ గ్రంథము, చూపించి, అప్పుకి రాలేదమ్మా, దేవుని మాట చెప్పడానికొచ్చానన్నాను. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని కూర్చుని, చల్లటి కోక్ ఒకటి తీసిచ్చింది. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు మా పాఠాలు విన్నది, భయం తీరిన సంతోషంతోనే అనుకుంటా. సంఘంలో చేరలేదు.

తర్వాత మేం ఉపాయం మార్చాం. కంపానియన్ ముందు గేటు దగ్గరికి వెళ్లి పిలవడం, నేను బ్యాడ్జి కనపడేలా పక్కకి నిలబడటం. నాకిది అవమానంగానే ఉండేది. తెల్లతోలు ఎల్డర్లని చూసి పిల్లలు 'హే జో!' అని కేరింతలు కొడుతూ పరిగెత్తుకొస్తారు, నన్ను చూసి ఇంట్లోకి పరిగెడతారు. ఓసారి నిజమైన ఫైవ్-సిక్స్ అతనే రోడ్డు మీద బండి ఆపి, హిందీలో, ఈ చొక్కా ఏమిటి, ఏ కంపెనీ అని అడిగాడు. చెప్పాను. "అయితే నీకూ నాకూ తలుపులు తీయరన్నమాట" అని నవ్వి, సంచీలోంచి రెండు పరాఠాలు తీసిచ్చి వెళ్లాడు.

రోజు ఎలా గడుస్తుందంటే, పొద్దున వ్యాయామం, చదువు, ఆ తర్వాత వీధుల్లోకి. రాత్రి తొమ్మిదింటికి గూటికి. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు, కంపానియన్ కంటికి ఆనేంత దూరంలో ఉండాలి. ఆరు వారాలకోసారి బదిలీల కబురొస్తుంది. ఆ రోజు ఎవరికీ అన్నం సహించదు. సోమవారం సెలవు: బట్టలు, సరుకులు, ఇంటికి వీడియో కాల్. వారానికోసారి ఇంటికి కాల్ చేసుకోవచ్చన్న వెసులుబాటు 2019లో వచ్చింది. అంతకు ముందు వెళ్లినవాళ్లు ఏడాదికి రెండుసార్లే ఇంట్లోవాళ్ల గొంతు విన్నారట. వాళ్లెలా తట్టుకున్నారో! మా కాల్స్‌లో సగం సమయం అమ్మ నా బుగ్గలు చూసి చిక్కిపోయావనడంతోనే సరిపోయేది.

బట్టలు బేసిన్‌లో చేత్తోనే. తెల్ల చొక్కాల కాలర్లు ఎంత రుద్దినా వదిలేవి కావు. కుక్కలు ఇంకో గండం. ఒక కంపానియన్‌ని పిక్క పట్టేసింది. అక్కడ కుక్కకాటుకి ప్రత్యేకంగా క్లినిక్‌లుంటాయి, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు అంటూ ఇంజెక్షన్లకి తిరగాలి. అన్ని క్యూల్లోనూ నేను పక్కనే. గొడుగు ఎండకీ వానకీ కాదు, ముందు కుక్కలకి పనికొస్తుంది. తిండి గురించి అనవసరంగా భయపడ్డాను. మూడు పూటలా అన్నమే. ఎండు చేపలు, చింతపండు పులుసు వేసిన సినిగాంగ్, కోడి పులుసులో మునగాకు. లేనిది కారమే. అమ్మ కట్టిన ఆవకాయ మార్చికల్లా అయిపోయింది. పంది రక్తంతో వండే దినుగువాన్ మాత్రం రెండేళ్లలో నా నోట్లోకి పోలేదు, ఎంత మర్యాద పోయినా సరే. నెలాఖరు వారం గుడ్లు, సార్డీన్ డబ్బాలు.

ఇక బోధన. మూడు నెలల్లో పాఠాలు నోటికొచ్చాయి. 1820లో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కి అడవిలో కలిగిన దర్శనం నేను తెలుగులో కన్నా తగలోగ్‌లోనే ఎక్కువసార్లు చెప్పి ఉంటాను. చెప్పడం కష్టం కాదు. అక్కడివాళ్లు మొహం మీద కాదనరు. అన్నిటికీ తలూపుతారు, ఆదివారం తప్పకుండా వస్తామంటారు, జ్యూసు బిస్కెట్లు పెడతారు. ఆదివారం పొద్దున ఏడింటికి పిలుచుకురావడానికి వెళ్తే తాళం. మొదట్లో మోసం చేశారని ఒళ్లు మండేది. తర్వాత ఆలోచిస్తే, పెళ్లికి పిలిచినవాళ్లకి మనం కూడా ఇలాగే వస్తామని చెప్పి ఊరుకోమా? గోడ మీద సాంతో నీన్యో (బాల యేసు), దేవుడి మూల, తరతరాల క్యాథలిక్ ఇల్లు. వాళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెట్టడమే గొప్ప.

మద్యం, పొగాకు, కాఫీ, టీ వద్దనే జ్ఞానవాక్యము పాఠం దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో. సారా, సిగరెట్టు మానతారు గానీ త్రీ-ఇన్-వన్ కాఫీ పొట్లం మానలేరు. హైదరాబాద్‌లో పుట్టి ఇరానీ చాయ్ రుచి తెలియకుండా పెరిగినవాణ్ని, నాకు చెప్పే అర్హత ఉందని కంపానియన్ ఆ పాఠం నాకే వదిలేసేవాడు.

చాలా ఇళ్లలో అమ్మ ఉండేది కాదు. హాంకాంగ్‌లోనో, గల్ఫ్‌లోనో పనిలో ఉండేది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఒక ఇంట్లో తల్లి కువైట్ నుంచి మెసెంజర్ వీడియోలో పాఠాలు వినేది, ఫోన్‌ని బల్ల మీద చక్కెర డబ్బాకి ఆనించేవాళ్లు. నాది ఇండియా అని తెలిసి, ఆగు ఆగు అంటూ ఫోన్ వంటింట్లోకి తీసుకెళ్లింది. తెరమీద ఇంకో ముఖం. "ఏ ఊరు బాబూ మీది?" గోదావరి యాస. ఆమెది రాజోలు పక్క పల్లె, అదే ఇంట్లో పని. పది నిమిషాలు మాట్లాడాను. ఆ రోజు పాఠం సాగలేదు.

జూలైలో లాస్ బాన్యోస్ బదిలీ. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉన్న ఊరు. ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్8 వరి పుట్టింది అక్కడే. మా పశ్చిమ గోదావరి ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఆ వరి వేసిన కథ తాతయ్య నోట చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే నానమ్మ మొదటిసారి నా మిషన్ గురించి మెత్తగా మాట్లాడింది. కానీ అదే నెలలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. అక్కడ ధర పెరిగి, సెప్టెంబర్‌లో వాళ్ల ప్రభుత్వం మామూలు బియ్యం కిలో 41, మేలు రకం 45 పెసోలు దాటి అమ్మకూడదని పరిమితి పెట్టింది. పాఠం మధ్యలో ఓ పెద్దాయన, మీ దేశం మాకు బియ్యం ఎందుకు ఆపింది ఎల్డర్, అని సీరియస్‌గా అడిగాడు. విశ్వాసం మీద ప్రశ్నలకి జవాబులు నేర్పారు గానీ దీనికి నేర్పలేదు. అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌కి 2 లక్షల 95 వేల టన్నులు పంపడానికి మనవాళ్లు ఒప్పుకున్నారని తెలిసి, ప్రత్యేకంగా ఆయనింటికి వెళ్లి చెప్పొచ్చాను.

మిషన్ మొత్తంలో నన్ను ఎక్కువ కలచివేసింది పెళ్లి కాగితాలు. ఇది ముందే తెలుసుకుని వెళ్లండి. కలిసి ఉంటున్న జంట చట్టప్రకారం పెళ్లి చేసుకుంటేగాని బాప్తిస్మం ఉండదు. ఫిలిప్పీన్స్‌లో విడాకుల చట్టం లేదు, ముస్లింలకి తప్ప. పెళ్లి రద్దు చేయించుకోవాలంటే కోర్టు ఖర్చు లక్షల పెసోల్లో.

సాంతా క్రూజ్‌లో ఒక ట్రైసికిల్ డ్రైవర్ ఉండేవాడు. పందొమ్మిదేళ్లకే ఒకామెతో పెళ్లయింది, ఏడాదిలో విడిపోయారు. ఆమె ఎక్కడుందో కూడా తెలియదు. ఇప్పుడున్న భార్యతో పదేళ్ల పైనే కాపురం, ముగ్గురు పిల్లలు. పాఠాలన్నీ విన్నాడు, సిగరెట్లు మానేశాడు, ఏ ఆదివారమూ తప్పలేదు. కానీ మొదటి పెళ్లి రద్దు కాలేదు కాబట్టి ఈమెని చట్టప్రకారం పెళ్లి చేసుకోలేడు. ఇద్దరూ విడిపోవాలి, లేదంటే ఆగాలి. ఈ మాట చెప్పాల్సింది నేనే. ముందురోజు రాత్రి నిద్రపట్టలేదు. ఆయన విని, "అయితే బెంచీ మీద కూర్చోవచ్చుగా?" అన్నాడు. ఇప్పటికీ వెనక వరసలో కూర్చుంటున్నాడు, రొట్టె, నీళ్లతో సంస్కారం ట్రే వస్తే తను తీసుకోకుండా పక్కవాళ్లకి అందిస్తాడు. దేవుడి ముందు ఈ నియమం గురించి నాకు ప్రశ్నలున్నాయి, ఉన్నాయని మా మిషన్ ప్రెసిడెంట్‌కే చెప్పాను. ఆయన వాదించలేదు, విన్నారు.

అదే వీధిలో మరో జంటకి అడ్డేమీ లేదు, చేతిలో డబ్బు లేదంతే. ఐదేళ్లు కలిసి ఉన్నవాళ్లకి పెళ్లి లైసెన్సు అక్కర్లేదు, ప్రమాణపత్రం చాలు. కానీ ఆమె జనన ధ్రువపత్రంలో పేరు ఒక అక్షరం తేడా. దాన్ని సరిచేయించడానికి మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరగడమే నవంబర్ నుంచి మా పనైపోయింది. క్యూలో నిలబడే పాఠాలు చెప్పాం. 2024 ఫిబ్రవరిలో మేయర్ ఉచితంగా చేయించే సామూహిక వివాహాల్లో వాళ్లకీ పెళ్లయింది. ఆయన అరువు బరోంగ్ (అక్కడి సంప్రదాయ చొక్కా), ఆమె తెల్ల గౌను, పెద్దకూతురు పూలు పట్టుకుంది. ఆ శనివారమే ఇద్దరికీ బాప్తిస్మం. నీళ్లలో ఆయన్ని ముంచేటప్పుడు మోకాలు పైకి తేలింది, అలా తేలితే మళ్లీ చెయ్యాలి. మళ్లీ ముంచాను. పైకి లేచి అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే.

ఏప్రిల్‌లో ఎండలకి బడులే మూసేశారు, మేం మాత్రం టై కట్టుకుని తిరిగాం. అప్పటి కంపానియన్ ఐడహో కుర్రాడు. వారానికోసారి ఎదురెదురుగా కూర్చుని ఒకరి గురించి ఒకరు నచ్చనివి చెప్పుకోవాలన్న పద్ధతి ఉంది. నేను తెల్లవారుజామున గట్టిగా గొంతు సవరించుకుంటానని అతని ఫిర్యాదు, అతను నా ప్లేట్లోంచి అడక్కుండా తీసుకుంటాడని నాది. చెప్పుకున్నాక రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత బాగానే కుదిరింది.

2024 అక్టోబర్ చివర్లో క్రిస్టీన్ తుఫాను వచ్చింది. లగునా సరస్సు పొంగి ఒడ్డునున్న వాడలు మునిగాయి. చాపెల్ తలుపులు తెరిచి జనాన్ని చేర్చుకున్నాం. పసుపు టీషర్టులేసుకుని బురద ఎత్తాం, బియ్యం మూటలు మోశాం. అమ్మ భయం నిజమైంది గానీ మాకేమీ కాలేదు. ఆ రోజుల్లో నన్ను చూసి ఎవరూ దాక్కోలేదు. మూట మోసేవాణ్ని బుంబాయ్ అనుకోరు కదా.

నవంబర్‌లో తిరిగొచ్చాను. ఎయిర్‌పోర్టు నుంచి ముందు స్టేక్ ప్రెసిడెంట్ ఇంటికే. ఆయన నన్ను బాధ్యత నుంచి విడుదల చేసి బ్యాడ్జి తీసేయమన్నారు. కొన్ని వారాలు ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా వెనక ఎవరో రావాలన్నట్టు ఆగేవాణ్ని. ఇంకో ఇబ్బంది, చేతిలో మామూలు ఫోన్, నెట్ అంతా తెరిచే ఉంది, ఏం చూడాలో తెలిసేది కాదు.

కాలేజీలో ఏడాది మధ్యలో చేర్చుకోం అన్నారు, 2025 జూన్ దాకా ఆగాను. ఆ ఆరేడు నెలలకి ఏదో ఒక పని చూసిపెట్టుకోండి, లేకపోతే బంధువుల ప్రశ్నలకే సరిపోతుంది. మళ్లీ చేరే దరఖాస్తులో రెండేళ్ల ఖాళీకి కారణం రాయాలి. ఫిలిప్పీన్స్‌లో సంఘ సేవ అని రాశాను. గుమాస్తా కళ్లజోడు పైకెత్తి, సర్టిఫికెట్ ఉందా అన్నాడు. మిషన్ పూర్తయినప్పుడు ఒకటిస్తారు, ఫ్రేము కట్టించి గోడకి తగిలించకండి. ఒరిజినల్ చూపించాలి, రెండు జిరాక్సులు ఇవ్వాలి.